మూసీ ఆయకట్టు, పాలమూరు చల్కలు: లోహాలు చేరిన నేలను ఏం చేయాలి?

సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్ లాంటి లోహాలు ఒకసారి నేలలో చేరాక కుళ్లవు, ఎండకు ఎగిరిపోవు. ఏ సూక్ష్మజీవీ వాటిని తిని మాయం చేయలేదు. పురుగుమందు అవశేషానికైతే ఏదో ఒక గడువుంటుంది, వీటికి అదీ లేదు. కాబట్టి ఇలాంటి నేలను 'శుద్ధి' చేయాలంటే దారులు రెండు. లోహాన్ని మట్టితో సహా ఎత్తి మరోచోట భద్రంగా పెట్టాలి, లేదా ఉన్నచోటే వేరుకూ నీటికీ అందకుండా కట్టిపడేయాలి. దక్షిణ తెలంగాణ సాగు భూముల్లో మొదటిది దాదాపు కుదరదు. పాత బ్యాటరీలు పగలగొట్టిన జాగాలకు రెండోది ఒక్కటే సరిపోదు. ఏ నేలకు ఏది అన్నది తేల్చుకోకుండా మొదలుపెట్టిన పనుల్లో డబ్బు పోతుంది, నేల మాత్రం అలాగే ఉంటుంది.

ఎకరంలో ఎంత మట్టి, అందులో ఎంత లోహం

ఎకరం 4,047 చదరపు మీటర్లు. దుక్కి దున్నే పై 15 సెంటీమీటర్ల మట్టి 607 ఘనపు మీటర్లు అవుతుంది. ఘనపు మీటరు 1.4 టన్నుల చొప్పున చూస్తే దాని బరువు సుమారు 850 టన్నులు, అంటే గుంటకు 21 టన్నులు. ల్యాబ్ రిపోర్టులో 1 పీపీఎం అని కనిపించేది కిలో మట్టికి ఒక మిల్లీగ్రాము. ఎకరం మీద అదే 850 గ్రాములు.

ఆవాలు, పొద్దుతిరుగుడు వేస్తే అవే లోహాన్ని పీల్చేస్తాయన్న సలహా బాగా తిరుగుతోంది. అందులో అబద్ధం లేదు కానీ లెక్క కుదరదు. కాడ్మియం 2 పీపీఎం ఎక్కువగా ఉందనుకుంటే ఎకరంలో తీయాల్సింది 1.7 కిలోలు. ఆవ పైరు ఎండు బరువున ఎకరానికి 4 టన్నులు పెరిగి, అందులో కిలోకు 10 మిల్లీగ్రాముల కాడ్మియం ఎక్కిందనుకుందాం. రెండూ ఉదారంగా వేసిన అంచనాలే. అయినా ఒక పంటతో బయటికి పోయేది 40 గ్రాములు. నలభైకి పైగా పంటలు వేసి, మొక్కనంతా పీకి బయటికి పంపితే తప్ప పని పూర్తికాదు.

సీసం ఇంకా మొండిది. 300 పీపీఎం అదనంగా ఉంటే ఎకరంలో 255 కిలోలుంటుంది. సీసం వేరు దాటి పైకి ఎక్కడమే కష్టం. కాండంలో కిలోకు 50 మిల్లీగ్రాములు చేరినా పంటకు 200 గ్రాములే. అంటే వెయ్యి పంటలు దాటుతాయి. ఈడీటీఏ (లోహాన్ని పట్టుకుని కరిగించే రసాయనం) కలిపితే సీసం వదులై మొక్కలోకి ఎక్కువగా ఎక్కుతుందన్నది నిజమే. కానీ అలా వదులైనదాంట్లో మొక్క తాగేది కొంతే, మిగతాది వానకు కిందికి జారుతుంది. పైన ఇసుకపాలు ఎక్కువున్న ఎర్ర చల్క నేల, కింద పగుళ్ల గ్రానైటు, ఆ పగుళ్లలోంచే నీళ్లు తోడే బోర్లు ఉన్న నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇది చేయకూడని పని. నేలలో ఉన్న సమస్యను తాగే నీళ్లలోకి దించినట్టవుతుంది.

ఇంకో లెక్క కూడా చూడాలి. సాగునీటిలో కాడ్మియం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సిఫారసు. సరిగ్గా ఆ హద్దు మీదున్న నీటిని యాసంగి వరికి మొత్తం 1,200 మిల్లీమీటర్లు పెడితే ఎకరానికి 4,856 ఘనపు మీటర్లు పారతాయి. వాటితో పాటు 48 గ్రాముల కాడ్మియం వస్తుంది. ఆవ పంట మోసుకుపోయినదానికంటే ఒక్క యాసంగి తెచ్చిందే ఎక్కువ. వచ్చే దారి మూయకుండా నేల మీద ఎంత ఖర్చు పెట్టినా వృథా అనడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

మొదటి మడి

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ మురుగును మోసుకుంటూ వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మధ్యలో కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) దగ్గర్నుంచి బునాదిగాని, పిల్లాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి కాల్వలు చీలి పొలాలకు పారతాయి. ఇలాంటి నీటిలో లోహం చాలావరకు కరిగి రాదు. సన్నటి బురద రేణువులను అంటిపెట్టుకుని వస్తుంది. కాల్వలో వడిగా వచ్చిన నీరు తూము దాటి మొదటి మడిలోకి పడగానే నెమ్మదిస్తుంది, బురద అక్కడే దిగుతుంది. కోతలయ్యాక ఆ మడి ఎండితే పైన నల్లటి సన్న పొర పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. నాలుగు మడుల అవతల మట్టి మామూలు రంగులోనే ఉంటుంది. ఒకే పొలంలో మొదటి మడికీ చివరి మడికీ ఫలితాలు చాలా తేడాగా రావడానికి కారణం ఇదే.

కాబట్టి చవకగా చేయదగ్గ మొదటి పని బురదను పొలంలోకి రానీయకపోవడం. సెకనుకు 5 లీటర్లు పారే పిల్లకాల్వ నీటిని ఆరు గంటలు ఆపాలంటే 108 ఘనపు మీటర్ల గుంత కావాలి. గుంట జాగాలో మీటరు పైచిలుకు లోతు తవ్వితే చాలు. నీరు ఒక మూల నుంచి వచ్చి ఎదుటి మూల నుంచి పోవాలి. పక్కపక్కనే పెడితే నీరు నిలవకుండా అడ్డదారిలో వెళ్లిపోతుంది. అంచుల్లో జమ్ము పెరగనిస్తే నీటి వడి ఇంకా తగ్గుతుంది. మరీ సన్నటి బంక రేణువులు కొన్ని దాటిపోతాయి కానీ మురుగు నీటిలోని ముద్దముద్దగా ఉండే మడ్డి బాగానే దిగుతుంది. అడుగున చేరిన బురదను ఏటా తీయాలి. తీసిన బురదను గెట్టు మీదే పోయడం అందరూ చేసే తప్పు. మొదటి పెద్ద వానకు అది తిరిగి మడిలోకే వస్తుంది.

నమూనా తీయడంలోనే సగం ఫలితం

సాయిల్ హెల్త్ కార్డులో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), ఈసీ (ఉప్పు శాతాన్ని తెలిపే కొలత), సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ కలిపి పన్నెండు అంశాలుంటాయి. సీసం, కాడ్మియం అందులో లేవు. కార్డు బాగుందంటే పంటకు పోషకాలు బాగున్నట్టు, అంతవరకే. లోహాల పరీక్ష విడిగా అడిగి చేయించుకోవాలి.

మొదటి మడి, నడిమి మడి, చివరి మడి నమూనాలను కలపకూడదు. ఒక్కో మడిలో పది పదిహేను చోట్ల పై పెంట పక్కకు తీసి, వీ ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంత తవ్వి, దాని గోడ నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంలో చెక్కిన మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగల్చాలి. జీఐ (జింక్ పూత పూసిన ఇనుప) బకెట్, తట్ట వాడితే జింక్ అంకె పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ లేదా ప్లాస్టిక్ వాడాలి. ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టాలి. అదే రకం నేలలో, ఆ నీరు ఎన్నడూ పారని పొలం నుంచి ఒక నమూనా తప్పనిసరి. నల్లరేగడిలో, ముఖ్యంగా కొడంగల్, తాండూరు వైపు బసాల్టు నుంచి పుట్టిన రేగడిలో, నికెల్, క్రోమియం సహజంగానే ఎక్కువ. పోల్చడానికి మంచి నమూనా లేకపోతే లేని కాలుష్యాన్ని ఉన్నట్టు చూస్తాం. అన్నట్టు నల్గొండ అనగానే గుర్తొచ్చే ఫ్లోరైడ్ భార లోహం కాదు, దాని కథ పూర్తిగా వేరు.

పరీక్షలు రెండు రకాలు. ఆక్వా రీజియాతో (గాఢ ఆమ్లాల మిశ్రమంతో) ఉడికించి చేసేది మొత్తం లోహాన్ని చెబుతుంది. డీటీపీఏ ద్రావణంతో చేసేది మొక్కకు అందే భాగాన్ని సుమారుగా చెబుతుంది. 10 గ్రాముల మట్టికి పీహెచ్ 7.3 దగ్గర ఉంచిన 20 మిల్లీలీటర్ల ద్రావణం పోసి రెండు గంటలు కుదుపుతారు. జింక్, ఇనుము కోసం ల్యాబులు రోజూ చేసేది ఇదే పరీక్ష. అదే ద్రావణంలో సీసం, కాడ్మియం, నికెల్ కూడా చదవమని అడగవచ్చు. చేతిలో పట్టుకుని ఎక్స్-కిరణాలతో లోహాన్ని కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరం సీసానికి బాగా పనికొస్తుంది కానీ వరి పొలంలో ఉండే స్థాయి కాడ్మియాన్ని పట్టలేదు. పైగా తడి మట్టి మీద పెడితే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

హద్దుల దగ్గర అయోమయం సహజం. మన పరిశోధనా పత్రాల్లో ఎక్కువగా కనిపించే భారతీయ హద్దులు కాడ్మియానికి 3 నుంచి 6, సీసానికి 250 నుంచి 500 పీపీఎం. కెనడా సాగు నేలలకు పెట్టుకున్నవి 1.4, 70. ఒకే నేల ఒక లెక్కలో పాసవుతుంది, ఇంకో లెక్కలో తప్పుతుంది. తినే పంట విషయంలో గింజ పరీక్షకే ఎక్కువ విలువివ్వాలి. తెల్ల బియ్యంలో కాడ్మియం కిలోకు 0.4 మిల్లీగ్రాము దాటకూడదని, ఆకుకూరల్లో 0.2 దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు.

వరి మడిలో కాడ్మియాన్ని కట్టేయడం

మడిలో నీరు నిలిచి ఉంటే మట్టిలో ఆక్సిజన్ అయిపోయి, గంధకం సల్ఫైడ్‌గా మారి కాడ్మియాన్ని కరగని రూపంలో పట్టుకుంటుంది. నీరు తీసేసి నేల నెర్రెలు విచ్చగానే సల్ఫైడ్ చెడి కాడ్మియం మళ్లీ వదులవుతుంది. సరిగ్గా అప్పుడే గింజ పాలు పోసుకుంటుంటే అది గింజలోకే పోతుంది. అందుకే జపాన్‌లో ఈనికకు మూడు వారాల ముందు నుంచి మూడు వారాల తర్వాత దాకా మడి ఆరకుండా చూడమంటారు. మన దగ్గర చిక్కు హార్వెస్టర్‌తో వస్తుంది. బండి దిగబడకూడదని గింజ ఇంకా పచ్చిగా ఉండగానే నీళ్లు తీసేస్తారు. నీటి పొదుపు కోసం చెప్పే తడి, ఆరుతడి పద్ధతి కూడా కాడ్మియం ఉన్న పొలంలో బెడిసికొడుతుంది. అయితే ఆర్సెనిక్ ఉంటే తంతు పూర్తిగా తిరగబడుతుంది. నిలువ నీటిలోనే అది కరిగి వరిలోకి ఎక్కుతుంది. ఏ లోహమో తెలియకుండా నీటి యాజమాన్యం మార్చకూడదు.

పీహెచ్ కూడా అంతే. చల్క నేల 6 దగ్గరుంటే ఎకరానికి 400 నుంచి 800 కిలోల సాగు సున్నం వేసి 6.5, 7 మధ్యకు తెస్తే కాడ్మియం, నికెల్, సీసం బిగుసుకుంటాయి. ఒకేసారి ఎక్కువ వేస్తే జింక్ లోపం వచ్చి నాట్లు ఎర్రబారతాయి. పీహెచ్ 8 దాటిన నల్లరేగడిలో సున్నం దండగ. క్రోమేట్ (క్రోమియం కరిగే రూపం), ఆర్సెనిక్ ఉన్నచోట సున్నం వేస్తే అవి ఇంకా కదులుతాయి. ఎర్ర పొటాష్‌లోని క్లోరైడ్ కాడ్మియంతో జతకట్టి దాన్ని కరిగించి తిప్పుతుంది. మురుగు నీటిలో ఉప్పు ఎలాగూ ఎక్కువే కాబట్టి అలాంటి పొలాల్లో సల్ఫేట్ రూపంలోని పొటాష్ మేలు. జింక్ సల్ఫేట్ క్రమంగా వేస్తే వేరు దగ్గర కాడ్మియంతో పోటీ పడుతుంది.

బయోచార్ (గాలి తగలకుండా కాల్చి చేసే బొగ్గు) గురించి ఆశలు ఎక్కువ. పని చేస్తుంది కూడా, ముఖ్యంగా బంక తక్కువున్న దుబ్బ నేలల్లో. కానీ మట్టి బరువులో ఒక శాతం వేయాలంటే ఎకరానికి 8.5 టన్నులు కావాలి. పత్తి కట్టె కాల్చితే నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా బొగ్గు వస్తుంది. అంటే 30 టన్నుల కట్టె కావాలి. ఎకరానికి టన్ను చొప్పున చూస్తే ముప్పై ఎకరాల పత్తి కట్టె ఒక ఎకరానికి సరిపోతుంది. ఊరంతా కలిసి మొదటి మడుల వరకే వేసుకుంటే అర్థముంది.

మేలు చేయబోయి లోహం తెచ్చుకునే దారులూ ఉన్నాయి. పట్టణ కంపోస్టులో కాడ్మియం 5, సీసం 100, క్రోమియం 50, నికెల్ 50 పీపీఎం దాటకూడదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. ఆ రిపోర్టు అడగకుండా ట్రాలీ దింపించుకోకూడదు. చెరువు పూడికమట్టి చల్కకు నిజంగా బలమిస్తుంది. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక చాలామంది తోలుకున్నారు. కానీ ఫ్యాక్టరీ నీరు కలిసే చెరువులో లోహం చేరేదీ ఆ పూడికలోకే. అలాంటి చెరువు మట్టిని పరీక్ష చేయించాకే తోలాలి.

లోతు దుక్కి చేసి పై మట్టిని కిందికి తిప్పేయాలన్న సలహా జపాన్ జింజూ నది లోయ నుంచి వచ్చింది. కాడ్మియం వల్ల ఎముకలు దెబ్బతినే ఇటాయ్-ఇటాయ్ జబ్బు వచ్చిన ఆ ప్రాంతంలో 1979 నుంచి 2012 దాకా సుమారు 860 హెక్టార్ల వరి పొలాల్లో కలుషిత మట్టిని అడుగున పూడ్చి పైన మంచి మట్టి పరిచారు. వాళ్లకు అడుగున లోతైన మట్టి ఉంది, ప్రభుత్వం, గని కంపెనీ డబ్బు పెట్టాయి. పాలమూరు చల్కలో అడుగున్నర దిగితే మొరం తగులుతుంది. దాన్ని పైకి తెస్తే లోహం పలచబడొచ్చు, పొలం మాత్రం పంటకు పనికిరాకుండా పోతుంది.

పంట మార్చడం వెంటనే ఫలితమిస్తుంది. పాలకూర, తోటకూర కాడ్మియాన్ని బాగా ఎక్కించుకుంటాయి. ముల్లంగి, క్యారెట్‌కు సీసం ఎక్కువగా అంటిన మట్టితోనే వస్తుంది. బెండ, సొర, చిక్కుడు, మొక్కజొన్న గింజ తక్కువ ప్రమాదం. పొద్దుతిరుగుడు గింజ కాడ్మియం చేర్చుకునే రకం కనుక వద్దు. పత్తి, బంతి పూలు, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు పాత పంట అయిన ఆముదం బాగా నప్పుతాయి. ఆముదపు నూనెలోకి లోహం పెద్దగా రాదు, చెక్కలో మిగులుతుంది. ఆ చెక్కను ఎరువుగా వేరే పొలానికి తోలితే మాత్రం చేసిందంతా అక్కడికి చేరుతుంది. పత్తి గింజ చెక్కను పశువులకు పెట్టేటప్పుడూ, కాల్వ గట్ల గడ్డిని బర్రెలకు వేసేటప్పుడూ ఇదే ఆలోచించాలి.

బ్యాటరీ జాగా వేరే లెక్క

పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించిన జాగా సాధారణంగా రెండు మూడు గుంటలు మించదు. నల్ల ప్లాస్టిక్ ముక్కలు, బూడిద రంగు పొడి, గడ్డి మొలవని మచ్చలు దాని గుర్తులు. ఆమ్లం ఒలికి పీహెచ్ 4 కిందికి పడిపోయి ఉంటుంది, సీసం వేల పీపీఎంలలో ఉంటుంది. ఇక్కడ ప్రమాదం పంటకంటే ముందు పిల్లలకు, దుమ్ము నోట్లోకి పోవడం వల్ల. ఇళ్ల ఆవరణ మట్టిలో సీసం హద్దును అమెరికా 2024లో 400 నుంచి 200 పీపీఎంకు తగ్గించింది.

ఐదు మీటర్ల గళ్లు గీసి, ప్రతి గడిలో 0-5, 5-15, 15-30, 30-60 సెంటీమీటర్ల లోతుల్లో నమూనాలు తీయాలి. చాలా జాగాల్లో సీసం పై అడుగు లోపలే ఉంటుంది, ఆమ్లం గుంత తీసినచోట మాత్రం లోతుకు దిగుతుంది. తవ్వే ముందు నీళ్లు చల్లాలి, పొడిగా ఊడవకూడదు. పనివాళ్లకు ఎన్95 మాస్కు, గ్లవ్స్ ఉండాలి. బట్టలు, చెప్పులు ఇంటికి తీసుకుపోకుండా అక్కడే మార్చుకోవాలి. ట్రాక్టరు టైర్లు కడగకపోతే సీసం రోడ్డంతా పరుచుకుంటుంది. తవ్విన కుప్పను టార్పాలిన్ పరిచి పోసి, పైన కప్పి, చుట్టూ కట్ట వేయాలి. వానకాలంలో ఈ పని మొదలుపెట్టకూడదు.

తవ్విన మట్టి ప్రమాదకర వ్యర్థమా కాదా అన్నది టీసీఎల్‌పీ పరీక్ష (మట్టిలోంచి లోహం ఎంత కరిగి బయటికి వస్తుందో చూసేది) చెబుతుంది. ద్రావణంలో సీసం లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే దాన్ని మానిఫెస్టు పత్రంతో (వ్యర్థం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో రాసే కాగితంతో) దుండిగల్‌లోని శుద్ధి, నిల్వ కేంద్రం లాంటి అనుమతి ఉన్నచోటికే పంపాలి. అక్కడ సిమెంటు, సున్నం, ఫాస్ఫేట్ కలిపి గట్టిపరుస్తారు. ఇక్కడ జరిగే పొరపాటు విచిత్రమైనది. సీసం కదలకూడదని సున్నం, సిమెంటు గుప్పించేస్తే పీహెచ్ 12 చేరి సీసం మళ్లీ కరగడం మొదలవుతుంది. 8 నుంచి 10 మధ్య ఆపాలి. ఇక ఫాస్ఫేట్ సీసాన్ని పైరోమార్ఫైట్ అనే మొండి ఖనిజంగా మారుస్తుంది. కానీ ప్రయోగాల్లో వాడిన ఒక శాతం భాస్వరం కావాలంటే గుంటకు 210 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ లెక్కన 3 టన్నులు, అంటే 60 బస్తాలు. చిన్న జాగాకు చెల్లుతుంది, పొలానికి చెల్లదు. బ్యాటరీ ప్లేట్ల మిశ్రమ లోహంలో ఆర్సెనిక్ కూడా ఉండొచ్చు. ఫాస్ఫేట్ దాన్ని వదులు చేస్తుంది కనుక ఆర్సెనిక్ చూడకుండా బస్తాలు విప్పకూడదు.

క్రోమియం మచ్చలను ఎండాకాలంలో పసుపు ఉప్పుగా పైకి తేలడంతో గుర్తుపట్టవచ్చు. అది విషపూరితమైన ఆరు సంయోజకత రూపం. దీనికి మందు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్). గ్రాము క్రోమియానికి లెక్క ప్రకారం 16 గ్రాములు చాలు. గుంటలో 50 పీపీఎం ఉంటే కిలో పైచిలుకు క్రోమియం, దానికి 17 కిలోల అన్నభేది. ఆచరణలో గాలికే కొంత పాడవుతుంది కాబట్టి రెండు మూడు రెట్లు వేయాలి. నీటిలో కరిగించి వెంటనే తడపాలి. పాకెట్ విప్పి రెండు రోజులు ఉంచి పచ్చరంగు పోయి తుప్పు రంగుకు మారిన అన్నభేది వేస్తే ఫలితముండదు.

కాలుష్యం చేసినవారే ఖర్చు భరించాలన్నది 2025 జూలైలో కేంద్రం నోటిఫై చేసిన కలుషిత స్థలాల నిర్వహణ నియమాల సారం. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల నివేదిక ఇవ్వాలి. 90 రోజుల్లో ప్రాథమిక అంచనా, ఆపై మూడు నెలల్లో వివరమైన సర్వే జరగాలి. ఊరివాళ్లు గళ్ల పటం, లోతుల వారీ నమూనాల రిపోర్టుతో కలెక్టరేట్‌కు వెళితే ఒట్టి ఫిర్యాదు కాగితంకంటే పని త్వరగా కదులుతుంది.

గుంత పూడ్చేముందు దాని అడుగు నుంచీ నాలుగు గోడల నుంచీ నమూనాలు తీసి ఫలితం వచ్చేదాకా ఆగాలి. పూడ్చడానికి తెచ్చే మొరాన్నీ పరీక్షించాలి. పూడ్చిన మట్టికీ అడుగుకూ మధ్య రంగు గుడ్డ పరిస్తే తర్వాత తవ్వేవాళ్లకు హద్దు తెలుస్తుంది. పొలంలోనైతే కోతకు ముందు మడి మడికీ వేరుగా గింజ తీసి చూడాలి. సున్నం ప్రభావం మూడు నాలుగేళ్లలో తగ్గిపోతుంది, యూరియా వేసే పొలంలో ఇంకా ముందే. ఒక యాసంగి గింజ పాసవగానే నేల బాగుపడిందనుకుని అదే మడిలో పాలకూర చల్లేవాళ్లున్నారు. పాసైంది నీరు నిలిచిన మడిలోని వరి మాత్రమే, ఆరుతడి పాలకూరకు అదే మట్టి వేరే ఫలితమిస్తుంది.